పన్నెండో పురుగు

కల్వకుర్తి రిజిస్ట్రార్ ఆఫీసు ముందర
రేకుల కింద నా బల్ల. దస్తావేజులు రాస్త.
కాగితాలు గాలికి లేవకుండ ఇన్నాళ్లు
ఒక లారీ బోల్టు, ఒక కంకర రాయి,
అమ్మ కూరగాయలమ్మిన నాటి పావుకిలో గుండు.

ఆషాఢంల ఒకనాడు ఈదయ్య మామ వచ్చి
అర్ధకిలో గాజుముద్ద బల్ల మీద పెట్టిండు.
"పాసైంది కాదు, ఫెయిలైంది. పైసలొద్దు."

ఇరవై రెండేండ్లు పట్నంల
మందుల కంపెనీలకు గాజు ఊదిన మనిషి.
బుడ్లు, గొట్టాలు, మెడ వంగిన కుప్పెలు.
ఒక్కదానికీ రంగు లేదు.
"ఉండొద్దు గద, లోపలున్నది కనబడాలె" అంటడు.
కార్ఖానా మూతబడ్డనాడు
జీతం బాకీ కింద ఒక బర్నరు చేతిల పెట్టిన్రు.
తువ్వాలల చుట్టి, ఒడిల పండబెట్టుకొని
అచ్చంపేట బస్సుల నిలబడ్డోళ్ల మోచేతులు తగలకుండ తెచ్చుకున్నడు.

ఇప్పుడు పాత రైసుమిల్లు వెనక గదిల
నీలి మంట ముందు కూసుంటడు.
కడ్డీ కొస ముందుగాల చెమటపడుతది,
తర్వాత తీగపాకం లెక్క సాగుతది,
అప్పుడాయనతోని మాట్లాడొద్దు.
పట్టుకారుతో చిటికెడు పసుపు గిల్లితే తంగేడు రేకు.
గునుగు పువ్వుకు తెల్లపోగులు నూటా ఇరవై, ఎక్కువ గాదు తక్కువ గాదు.
సీతాఫలం కండ్లు విచ్చుకునే అంచుల
గులాబిరంగు ఒక్క గీత.
వాటి మీద నీళ్లలాంటి గాజు పోసి, గుండ్రంగ తిప్పి తిప్పి
బరువు చేస్తడు.

ఒకసారి మా గట్టు మీది తంగేడు తెంపుకపోయిన.
"నిజం పువ్వు పెట్టరాదు మామా, ఇంత కష్టమెందుకు?"
నవ్వలేదు. కరిగిన గాజుల ముంచి చూపిండు.
చిన్న పొగ. బూడిద గీత. ఒక బుడగ.
ఆ బుడగను కూడ పారెయ్యలేదు,
మంచుబొట్టని ఇంకో పువ్వు కింద వాడుకున్నడు.

అన్నీ లొంగినయి, ఆరుద్ర పురుగు తప్ప.
మృగశిర దాటి తొలి వాన పడ్డంక
దుక్కి మీద కుంకుమ పొట్లం చినిగినట్టు
పాకుతయి చూడు, అవి.
గాజుకు నిగనిగ పుట్టుకతో వస్తది.
ఆ పురుగుకు నిగనిగ లేదు, మఖ్మల్ ఉంది.
ఎర్రపొడి చల్లిండు. ఇసుకతో గీకిండు.
వెంట్రుకంత పోగులు లాగి వెన్ను మీద నాటిండు.
పదకొండు పురుగులు కిటికీ గట్టు మీద,
పదకొండూ లక్క పూసినట్టు.
పన్నెండోది కరెంటు పొయ్యిల తెల్లారేదాక
మెల్లమెల్లగ చల్లారాలె.
నడిరాత్రి కరెంటు పోయింది.
పొద్దుగాలకు లోపల సన్నని పగులు.
అదే నా బల్ల మీది కొచ్చింది.

మొన్న కాశమ్మ వచ్చింది,
ఎకరం పది గుంటలు చెల్లెలి పేర చేసేటందుకు.
ఎడమ బొటనవేలికి ఇంకు రాసిన.
కాగితం దిక్కు చూస్తలేదు ముసలామె.
వంగి, గాజును ఆ వేలుతోనే తట్టింది.
ఆగింది.
ముట్టుకుంటే కాళ్లు ముడుస్తదని,
సప్పుడు చెయ్యకుంటే మళ్ల కదులుతదని
దుక్కుల తిరిగినోళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు.
వెనక లైను గొణిగింది. రేకుల మీద చినుకులు మొదలైనయి.
"వానొచ్చె గదనే, ఇంకేంటికి బెట్టు?"
అని పురుగును గదమాయించింది.

అప్పుడు చూసిన నేను కూడ, ఆమె ఒంగిన దిక్కునుంచి.
పగులు కాడ వెలుతురు చెదిరి
పురుగు వెన్ను మసకబారి
మెత్తగుంది.

సాయంత్రం పోయి ఈదయ్య మామకు చెప్పిన.
మంట తగ్గించి, నల్లద్దాలు నుదుటి మీదికి నెట్టి
"ఎంతసేపు ఆగింది?" అన్నడు.
లెక్కబెట్టలేదన్న.
గట్టు మీది పదకొండింటి దిక్కు చూసిండు,
కొత్త ఎర్రకడ్డీ అందుకున్నడు,
మళ్ల నాతోని, గొంతు తగ్గించి:
"ఇయ్యాల కరెంటు ఎన్నింటికి పోతదంటవ్?"